దివిసీమ ఉప్పెన అంకెలు, కోడ్ నోట్‌బుక్: ఒక విమర్శ

5.0 ఈ పాఠం ఉద్దేశం

జుపిటర్ నోట్‌బుక్‌ను తెరవడం, గడుల్లో కోడ్ రాయడం, ఒక పట్టికను చదివించి గ్రాఫ్ గీయించడం ఇంతకు ముందు పాఠంలో నేర్చుకున్నారు. ఈ పాఠంలో కొత్త ఆదేశాలేమీ లేవు. ఎవరో తయారుచేసిన నోట్‌బుక్ మీ చేతికి వచ్చినప్పుడు, అందులోని ఫలితాన్ని నమ్మవచ్చా లేదా అని ఎలా తేల్చుకోవాలన్నదే ఇక్కడి విషయం. సాహిత్యం చదివే విద్యార్థులకు విమర్శ ఒక పాఠ్యాంశం. సైన్సు, వాణిజ్యశాస్త్రం చదివేవారికి మాత్రం కంటి ముందున్న లెక్కను విమర్శించే అలవాటు మన పాఠ్య ప్రణాళికల్లో దాదాపు కనిపించదు. జవాబు పుస్తకం చివర ఉంటుందన్న ధీమాతో పెరిగాం గనుక కావచ్చు.

నోట్‌బుక్‌లో చేసిన పరిశోధనను ఎవరితోనైనా పంచుకోవచ్చు, ఎవరైనా దాన్ని తిరిగి చేసి అదే ఫలితాన్ని రాబట్టవచ్చు అని ఈ విషయంపై వచ్చిన పరిచయ గ్రంథాలు చెబుతాయి. ఈ రెండో గుణాన్నే పునరుత్పాదకత అంటున్నాం. మొదటి మాట నిజమే. రెండో మాటకు కొన్ని షరతులున్నాయి. ఆ షరతుల్లో ఎక్కువ భాగం నోట్‌బుక్ తెర మీద కనిపించదు. వాటిని దిగువ కృష్ణా డెల్టాకు బాగా తెలిసిన ఒక విషయం ద్వారా, అంటే తుపానుల లెక్కల ద్వారా పరిశీలిద్దాం.

5.1 ఒక ఉప్పెన, ఎన్నో అంకెలు

1977 నవంబరు 19న వచ్చిన తుపాను, దానితో పాటు సముద్రం నుంచి లేచిన ఉప్పెన దివిసీమను ముంచేశాయి. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతాల్లో ఇప్పటికీ పెద్దవాళ్ళు తమ వయసును, పెళ్ళిళ్ళను, పొలం కొన్న ఏడాదిని "ఉప్పెనకు ముందు", "ఉప్పెన తరవాత" అని చెబుతారు. సొర్లగొంది వంటి ఊళ్ళలో ఆ రాత్రి కుటుంబాలకు కుటుంబాలే పోయాయి.

ఎంతమంది పోయారు? భారత వాతావరణ శాఖ ప్రచురించిన తుపానుల చరిత్రలో దాదాపు 10,000 మంది అని ఉంటుంది. అంతర్జాతీయ విపత్తుల పట్టికల్లో 14,204 అనే అంకె కనిపిస్తుంది. ఊళ్ళలో అడిగితే ఈ రెండింటికంటే చాలా పెద్ద అంకెలు చెబుతారు. ఉప్పెన ఎత్తు గురించి 5 మీటర్లు అన్న మాట తరచుగా చదువుతాం. అది ఏ చోట కొలిచిన ఎత్తు, దేని మీద నుంచి కొలిచిన ఎత్తు అన్నది ఆ మాటతో పాటు ప్రయాణం చేయదు.

ఇక్కడ ఏ అంకె సరైనదని తేల్చడం మన పని కాదు. ఆ అంకెల రూపాన్ని చూడండి. "దాదాపు 10,000" అన్నది తాను అంచనానని తానే ఒప్పుకుంటోంది. 14,204 అలా కాదు. చివర ఆ 4 ఉండటం వల్ల, ఎవరో ఒక్కొక్కరినీ పేరు రాసుకొని లెక్కపెట్టినట్టు ధ్వనిస్తుంది. లెక్కపెట్టి ఉండవచ్చు కూడా. కాని శవం దొరకనివారిని చేర్చారా, కోతల కాలంలో బయటి ఊళ్ళ నుంచి వచ్చిన కూలీలను ఏ ఊరి లెక్కలో రాశారు, లెక్క ఏ తేదీన ముగించారు అన్న ప్రశ్నలకు ఆ అంకె ఒక్కటే జవాబు చెప్పలేదు. అంకె మిగిలింది, దాన్ని రాబట్టిన పని మిగలలేదు.

దీనికి నూరేళ్ళకు పైగా ముందు, 1864 నవంబరు 1న, బందరును ముంచిన ఉప్పెనకూ ఇదే గతి. 30,000 మంది అన్న గుండ్రటి అంకె పుస్తకం నుంచి పుస్తకానికి వస్తోంది. అదే ఏడాది అక్టోబరులో కలకత్తాను ఒక తుపాను దెబ్బతీసింది. ఆ తుపాను, ఆ తరవాతి కరువులు కలిసి 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడటానికి దారితీశాయి. అంటే ఈ దేశంలో గాలిని, వానను ఒక పద్ధతి ప్రకారం రాసిపెట్టడం మొదలైందే ఇటువంటి చావుల తరవాత. రాసిపెట్టిన దాన్ని ఎలా కూడారో, ఎలా భాగించారో కూడా రాసిపెట్టాలన్న పట్టింపు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. నోట్‌బుక్ ఆ పట్టింపుకు పుట్టిన బిడ్డ.

5.2 నోట్‌బుక్ ఇచ్చిన మాట

ప్రోగ్రామును యంత్రం కోసం కాక, మనిషి చదవడం కోసం వ్యాసంలా రాయాలని డొనాల్డ్ నూత్ 1984లో వాదించాడు. ఫెర్నాండో పెరెజ్ 2001లో ఐపైథాన్‌ను మొదలుపెట్టాడు. పదేళ్ళ తరవాత, 2011లో, దానికి నోట్‌బుక్ రూపం వచ్చింది. 2014లో అది జుపిటర్ ప్రాజెక్టు అయింది. జూలియా, పైథాన్, ఆర్ అనే మూడు భాషల పేర్ల నుంచి ఆ పేరు కూర్చారు. బృహస్పతి గ్రహం చుట్టూ తిరిగే ఉపగ్రహాలను గెలీలియో రాత్రి తరవాత రాత్రి తన పుస్తకంలో గీసుకున్న సంగతినీ ఆ పేరు గుర్తుచేస్తుంది. గెలీలియో ఏ రాత్రి ఏం చూశాడో మనం ఇవాళ కూడా ఆ పుటల్లో చూడగలం గనుక ఆ పోలిక తగినదే.

ఈ రూపం ఎంత బాగా పనిచేయగలదో తెలియాలంటే గురుత్వ తరంగాల ఉదాహరణ చూడాలి. 2015 సెప్టెంబరు 14న లైగో పరికరాలు మొదటిసారి గురుత్వ తరంగాన్ని పట్టుకున్నాయి. 2016 ఫిబ్రవరిలో ఆ సంగతి ప్రకటించినప్పుడు, ఆ సంకేతం తాలూకు డేటానూ దాన్ని ఎలా వడగట్టారో చూపే నోట్‌బుక్‌నూ అందరికీ అందుబాటులో ఉంచారు. డిగ్రీ విద్యార్థి కూడా దాన్ని నడిపి, రొద లోంచి ఆ చిన్న తరంగం పైకి తేలడం తన తెర మీద చూడవచ్చు. ఒకప్పుడు పెద్ద ప్రయోగశాలల గోడల లోపల ఉండే పని అది. గుడివాడలో ఒక గదిలో కూర్చొని చేయగలగడం చిన్న విషయం కాదు. నా విమర్శ ఎంత కటువుగా ఉన్నా ఈ మేలును మరిచి రాసింది కాదు.

లెక్క కనబడకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఆర్థికశాస్త్రంలో ఒక ప్రసిద్ధ ఉదంతం ఉంది. దేశం అప్పు స్థూల దేశీయోత్పత్తిలో 90 శాతం దాటితే వృద్ధి పడిపోతుందని రీన్‌హార్ట్, రోగాఫ్ 2010లో ఒక వ్యాసం రాశారు. ఆ దేశాల సగటు వృద్ధి మైనస్ 0.1 శాతం అన్నారు. ఆ అంకెను చూపి అనేక ప్రభుత్వాలు ఖర్చు కోతలను సమర్థించుకున్నాయి. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం, ఆమ్‌హర్స్ట్‌లో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి తరగతి అభ్యాసంలో భాగంగా ఆ ఫలితాన్ని తిరిగి రాబట్టబోయాడు. రాలేదు. రచయితల నుంచే ఎక్సెల్ ఫైలు తెప్పించుకొని చూస్తే, సగటు తీసిన సూత్రం ఐదు దేశాలను వదిలేసింది. 2013లో అతను తన అధ్యాపకులతో కలిసి ప్రచురించిన లెక్కలో ఆ సగటు 2.2 శాతం అయింది. ఎక్సెల్ పొరపాటు ఒక్కటే ఇంత తేడా తేలేదన్నది కూడా మీరు గమనించాలి. ఏ సంవత్సరాలను విడిచిపెట్టారు, ఏ దేశానికి ఎంత తూకం ఇచ్చారు అన్న నిర్ణయాల వల్ల వచ్చిన తేడా అంతకంటే పెద్దది. ఫైలు బయటికి వచ్చాక గాని ఆ నిర్ణయాల మీద చర్చ మొదలు కాలేదు.

5.3 ఉప్పెన రోజు గాలి సున్నా

ఇప్పుడు నా సొంత తప్పు ఒకటి చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం ఒక సంపర్క తరగతి కోసం నేను ఒక నోట్‌బుక్ తయారుచేసుకున్నాను. ప్రపంచ తుపానుల మార్గాలన్నిటినీ ఒకచోట చేర్చిన ఐబీట్రాక్స్ అనే డేటా ఉంది. అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా దాన్ని ఉచితంగా అందిస్తుంది. అందులోంచి బంగాళాఖాతం తుపానులను వేరుచేసి, మచిలీపట్నానికి ఒక నిర్ణీత దూరం లోపల వచ్చిన వాటిని ఏరి, వాటి గాలి వేగాల సగటు తీయడం ఆ పాఠం. గ్రాఫ్ చక్కగా వచ్చింది. వ్యాఖ్యానం తెలుగులో రాశాను. చదవడానికి ముచ్చటగా ఉందని నాకే అనిపించింది.

తరగతిలో పట్టికను కిందికి జరుపుతూ ఉంటే నాగాయలంక వైపు నుంచి వచ్చిన ఒక విద్యార్థిని ఆపమంది. "సార్, అక్కడ 77 నవంబరు వరుసలో గాలి సున్నా అని ఉందేంటండీ? ఉప్పెన రోజు గాలి సున్నా ఎట్లా అవుద్ది?" అని అడిగింది.

జరిగింది ఇది. ఐబీట్రాక్స్ ఫైలులో ఒక్కో సంస్థ చెప్పిన గాలి వేగానికి ఒక్కో నిలువు వరుస ఉంటుంది. మన దేశపు తుపానులు కదా అని నేను న్యూఢిల్లీ వరుసను ఎంచుకున్నాను. పాత తుపానులకు ఆ వరుస ఖాళీగా ఉంటుంది. 1977 తుపాను అలాంటి వాటిలో ఒకటి. పైగా ఆ ఫైలులో శీర్షికల కింద రెండో పంక్తిలో కొలమానాల పేర్లు ఉంటాయి. దాన్ని దాటవేయకపోతే పైథాన్ ఆ వరుస మొత్తాన్ని అంకెలుగా కాక అక్షరాలుగా చదువుతుంది. నాకు ఆ చిక్కు ఎదురైనప్పుడు, అంకెలుగా మార్చమని, మార్చలేనివి ఉంటే సున్నా పెట్టమని ఒక పంక్తి రాసి ముందుకు పోయాను. కొలమానాల పంక్తితో పాటు ఖాళీ గడులన్నీ సున్నాలయ్యాయి. "తెలియదు" అన్న చోట యంత్రం "లేదు" అని రాసింది. రాయమన్నది నేనే.

ఇది సగటును ఎలా మారుస్తుందో చిన్న ఊహాత్మక ఉదాహరణతో చూడండి. ఐదు కొలతల్లో మూడు 60, 70, 80 అనుకోండి. రెండు ఖాళీ. ఖాళీలను విడిచిపెడితే సగటు 70. ఖాళీలను సున్నాలుగా తీసుకుంటే 42. రెండో అంకె చూసి ఎవరైనా తుపాను రక్షిత భవనం పైకప్పుకు ఎంత బలం కావాలో లెక్క వేస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కరలేదు.

ఇందులో నోట్‌బుక్ తప్పు ఎంత, నా తప్పు ఎంత? సున్నా పెట్టమన్న ఆ పంక్తి నోట్‌బుక్‌లో దాక్కొని లేదు. ఆరో గడిలో అందరికీ కనిపించేలా ఉంది. ఇదే పనిని ఏ క్యాలిక్యులేటరు మీదో చేసి అంకె మాత్రం బోర్డు మీద రాసి ఉంటే, ఆ విద్యార్థినికి అడగడానికి ఏమీ మిగిలేది కాదు. ఆ మేరకు నోట్‌బుక్ గెలిచింది. కాని ఒక్క విషయం మరిచిపోకండి. ఆ నోట్‌బుక్ ఎవరు నడిపినా అదే తప్పు సగటును నమ్మకంగా ఇస్తుంది. నా మిత్రులు ఇద్దరు దాన్ని తమ కంప్యూటర్ల మీద నడిపి "సరిగ్గా వస్తోంది" అన్నారు కూడా. పునరుత్పాదకత ఉంది, సత్యం లేదు. తప్పును పట్టింది పైథాన్ తెలిసిన మేము కాదు, ఉప్పెన సంగతి ఇంట్లో విని పెరిగిన మనిషి.

అదే ఫైలులో ఇటువంటి మడతలు ఇంకా ఉన్నాయి. న్యూఢిల్లీ గాలి వేగం మూడు నిమిషాల సగటు. అమెరికా సంస్థల వరుసలో ఉన్నది ఒక నిమిషం సగటు. ఒకే తుపానుకు ఒక నిమిషం సగటు సాధారణంగా ఎక్కువగా ఉంటుంది. ఖాళీలు ఉన్నచోట ఈ వరుసలోంచి తీసి ఆ వరుసలో అతికించేస్తే, పాత తుపానులు కొత్తవాటికంటే బలమైనవని, లేదా అందుకు విరుద్ధంగా, లేని మార్పు ఒకటి గ్రాఫ్‌లో పుడుతుంది. తేదీలు కూడా అంతే. ఫైలులోని సమయం గ్రీనిచ్ ప్రకారం ఉంటుంది. మన గడియారం దానికంటే ఐదున్నర గంటలు ముందు. మన తెల్లవారుజామున 2 గంటలకు తీరం దాటిన తుపాను ఫైలులో ముందు రోజు తేదీతో కనిపిస్తుంది. అట్లాంటిక్ సముద్రానికి ఆ ఫైలు వాడే "ఎన్ఏ" అన్న రెండక్షరాల గుర్తును పైథాన్‌లోని పాండాస్ ప్యాకేజీ "సమాచారం లేదు" అని అర్థం చేసుకుంటుందన్నది మనకు నేరుగా సంబంధించినది కాదు. ఒక మహాసముద్రం మొత్తం ఖాళీ గడి కావడం మాత్రం తలుచుకుంటే నవ్వొస్తుంది.

మీ అభ్యాసానికి: పైన చెప్పిన ఐదు కొలతల ఉదాహరణను మీ నోట్‌బుక్‌లో రెండు విధాలుగా చేయండి. ఏ విధానం ఎంచుకున్నారో, ఎందుకు ఎంచుకున్నారో వ్యాఖ్యాన గడిలో రెండు మూడు వాక్యాల్లో రాయండి.

5.4 కనిపించే క్రమం, నడిచిన క్రమం

పుస్తకంలో మొదటి పుట తరవాత రెండో పుట వస్తుంది. నోట్‌బుక్ చూడటానికి అలాగే ఉంటుంది గాని నడవడం అలాగే నడవాలని లేదు. పదో గడిని నడిపి, వెనక్కి వచ్చి మూడో గడిని మార్చి, మళ్ళీ పన్నెండో గడికి వెళ్ళవచ్చు. తెర వెనక ఉండే కెర్నల్ మాత్రం మీరు నడిపిన క్రమాన్నే గుర్తుంచుకుంటుంది. మీరు తుడిచేసిన గడిలో పుట్టిన చలరాశి కూడా దాని జ్ఞాపకంలో బతికే ఉంటుంది. ఫలితం మీ తెర మీద సరిగ్గా వస్తుంది. ఫైలును మిత్రుడికి పంపిస్తే అతని దగ్గర ఆ చలరాశి లేదు గనుక దోషం వస్తుంది. అంతకంటే ప్రమాదం, దోషం రాకుండా వేరే అంకె రావడం.

గడి పక్కన చతురస్రపు కుండలీకరణాల్లో ఉండే సంఖ్యను మనలో చాలామంది పట్టించుకోం. అది నడిచిన వరుస సంఖ్య. పై నుంచి కిందికి 1, 2, 3, 4 అని ఉంటే మంచిది. 1, 2, 17, 9 అని ఉంటే రచయిత ముందుకీ వెనక్కీ తిరిగాడని అర్థం. ఎవరి నోట్‌బుక్ తెరిచినా వ్యాఖ్యానం చదవకముందే ఆ సంఖ్యల మీద ఒకసారి కన్ను వేయండి.

ఇది అరుదైన లోపం అనుకుంటే పొరపాటు. పిమెంటెల్, మరి ముగ్గురు పరిశోధకులు గిట్‌హబ్‌లో బహిరంగంగా ఉన్న 14 లక్షల నోట్‌బుక్‌లను సేకరించి 2019లో ఒక అధ్యయనం ప్రచురించారు. వాటిలో నడిపి చూడటానికి వీలైనవాటిని నడిపితే, దోషం లేకుండా చివరిదాకా నడిచినవి దాదాపు 24 శాతం. మొదట్లో దాచి ఉంచిన ఫలితాలే మళ్ళీ వచ్చినవి దాదాపు 4 శాతం. గిట్‌హబ్‌లో ఉన్నవన్నీ పరిశోధనలు కావు, చాలావరకు అభ్యాసాలు, సగంలో వదిలేసిన ప్రయత్నాలు అని వాదించవచ్చు. ఆ వాదనలో కొంత న్యాయం ఉంది. అయినా నూటికి నాలుగు అన్నది, పునరుత్పాదకత అన్న మాటను నోట్‌బుక్ అన్న మాటకు విశేషణంలా వాడటానికి సరిపోదు.

దీనికి విరుగుడు తేలికే. పంపే ముందు కెర్నల్‌ను పూర్తిగా ఆపి, కొత్తగా మొదలుపెట్టి, అన్ని గడులనూ పై నుంచి కిందికి ఒక్కసారి నడిపించాలి. ఒకే మెనూలో ఒకే నొక్కుతో అయ్యే పని. ఎందుకు చేయమంటే, మన తెర మీద ఫలితం అప్పటికే కళ్ళ ముందు ఉంటుంది గనుక. వండిన కూర రుచి చూశాక మళ్ళీ మొదటి నుంచి వండాలని ఎవరికీ అనిపించదు.

5.5 పేరు కృష్ణా జిల్లాయే

మన ప్రాంతపు డేటాతో పని చేసేవారికి ఇంకో చిక్కు ఉంది. విదేశీ పాఠ్యపుస్తకాల్లో ఇది దొరకదు.

కృష్ణా జిల్లా 1859లో ఏర్పడింది. 1904లో దానిలోంచి గుంటూరు జిల్లా విడిపోయింది. 1925లో పశ్చిమ గోదావరి విడిపోయింది. 2022 ఏప్రిల్ 4న మళ్ళీ విభజన జరిగి విజయవాడ వైపు భాగం ఎన్టీఆర్ జిల్లా అయింది, కైకలూరు ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది, మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డ కృష్ణా జిల్లాలో ఉండిపోయాయి. ఇన్ని మార్పుల్లోనూ పేరు మాత్రం కృష్ణాయే. 1901 జనాభా లెక్కల్లోని కృష్ణా జిల్లాకూ ఇవాళ్టి కృష్ణా జిల్లాకూ గీత గీసి "జనాభా తగ్గింది" అని చూపే గ్రాఫ్‌ను నోట్‌బుక్ క్షణంలో గీసి పెడుతుంది. అది ఎవరు నడిపినా అదే గ్రాఫ్ వస్తుంది కూడా.

ఊళ్ళ పేర్లదీ అదే కథ. మచిలీపట్నం, మసులీపట్నం, మసూలా, బందరు అన్నవి ఒకే ఊరని మీకు తెలుసు. రెండు పట్టికలను ఊరి పేరు ఆధారంగా కలపమన్నప్పుడు పైథాన్‌కు తెలియదు. అక్షరాలు సరిపోలని వరుసలను అది మామూలుగా నోరు మెదపకుండా వదిలేస్తుంది. 1864 ఉప్పెన తాలూకు సమాచారం ఒక పట్టికలో ఒక పేరుతో, వానల సమాచారం ఇంకో పట్టికలో ఇంకో పేరుతో ఉంటే, కలిపిన పట్టికలో బందరు ఊరే ఉండదు. కలపడానికి ముందు ఎన్ని వరుసలున్నాయో, కలిపాక ఎన్ని మిగిలాయో అచ్చువేయించే రెండు పంక్తులు లేని నోట్‌బుక్‌ను నేను ఇప్పుడు నమ్మడం మానేశాను.

5.6 కాగితం మీద రాసిన అద్దకం

1734 ప్రాంతంలో ఆంటొయిన్ ద బోల్యూ అనే ఫ్రెంచి నౌకాధికారి పుదుచ్చేరిలో మన కోరమాండల్ తీరపు అద్దకం పని ఎలా చేస్తారో దగ్గరుండి చూసి రాసుకున్నాడు. అతను రాతతో ఆగలేదు. బట్టను కరక్కాయలో తడిపాక ఒక ముక్క, గీతలు వేశాక ఒక ముక్క, ఎరుపులో ఉడికించాక ఒక ముక్క, ఇలా ఒక్కో దశలో ఒక్కో ముక్క కత్తిరించి ఆ దశ వివరణ పక్కన అంటించాడు. ఆ ప్రతి ఇప్పటికీ పారిస్‌లో ఉంది. చెప్పిన మాట, చేసిన పని, వచ్చిన ఫలితం ఒకే పుటలో. నోట్‌బుక్ గడి అంటే ఏమిటో దీనికంటే బాగా వివరించే వస్తువు నాకు ఇంతవరకు దొరకలేదు.

మరి ఆ పుస్తకం చేతిలో పెట్టుకొని ఎవరైనా మన ఎరుపును రాబట్టగలరా? పెడనలో అద్దకం పనివాళ్ళను అడిగితే, రంగు చెప్పేది చేయి ఒక్కటే కాదు, నీళ్ళు కూడా అంటారు. బట్ట ఉతకడానికి పారే కాలువ నీరు కావాలి. పాతకాలంలో ఎరుపునిచ్చే చిరివేరు ఏ నేలలో పెరిగిందన్నది కూడా ముఖ్యమే. ఐరోపా వర్తకులు పేటపోలి అని పిలిచిన నిజాంపట్నం వైపు దొరికే వేరుకు 17వ శతాబ్దంలోనే ప్రత్యేకమైన పేరుండేది. వంటకం రాసిపెట్టవచ్చు. ఏరు రాసిపెట్టడం కుదరదు.

నోట్‌బుక్ విషయంలో ఆ నీరు, ఆ నేల ఏవంటే, అది నడిచిన పరిసరం. పైథాన్ ఏ వెర్షను, పాండాస్ ఏ వెర్షను, డేటా ఫైలును ఏ తేదీన దించుకున్నారు అన్నవి. ఐబీట్రాక్స్ వంటి డేటా నిలిచి ఉండే కొండ కాదు, కొత్త తుపానులు చేరుతూ, పాతవి సవరణ అవుతూ ఉంటుంది. రెండేళ్ళ క్రితం రాసిన కోడ్ ఇవాళ్టి ప్యాకేజీతో నడవకపోవచ్చు. ఇక్కడ మాత్రం మనం బోల్యూ కంటే అదృష్టవంతులం. అతను కాలువను పారిస్‌కు తీసుకుపోలేకపోయాడు. మనం వెర్షన్ల జాబితాను ఒక చిన్న ఫైలులో రాసి, వాడిన డేటా ఫైలు నకలును తేదీతో సహా పక్కన పెట్టవచ్చు. అలాంటి జాబితా ఉంటే బైండర్ వంటి సేవలు అదే పరిసరాన్ని ఇంకొకరి బ్రౌజరులో తిరిగి కట్టిపెడతాయి. జాబితా లేని నోట్‌బుక్, ముక్కలు అంటించిన పుస్తకం వంటిదే. చూసి ఆనందించవచ్చు, అద్దకం వేయలేం.

బోల్యూ పుస్తకంలో ఇంకో సంగతి కూడా నన్ను వదలదు. ఆ పని రాసుకున్నది ఫ్రాన్సులో దాన్ని చేసుకోవడానికి. పంచుకోవడం అన్నది ఎప్పుడూ రెండు వైపులా సమానమైన మేలు కాదు.

5.7 ఎవరితో పంచుకోవాలి, ఏది పంచుకోకూడదు

ఆ మాటే మన ప్రాంతానికి వర్తింపజేద్దాం. దూరవిద్యలో మీలో చాలామందికి సొంత కంప్యూటరు లేదు. ఫోను మీదనే గూగుల్ కోలాబ్ తెరిచి ఈ అభ్యాసాలు చేస్తున్నారు. ఆ అవకాశం లేకపోతే ఈ పాఠమే ఉండేది కాదు. అయితే కోలాబ్ మీకు ఇచ్చే యంత్రం తాత్కాలికం. కరెంటు పోయి, సిగ్నలు పోయి చాలాసేపటి తరవాత తిరిగి వస్తే, మీరు అక్కడికి ఎక్కించిన డేటా ఫైలు ఉండకపోవచ్చు. నోట్‌బుక్ మిగులుతుంది, అందులో పాత ఫలితం బొమ్మలా మిగులుతుంది. అది ఇప్పుడు వచ్చిన ఫలితం కాదని గుర్తుంచుకోవాలి. డేటా ఫైలును మీ డ్రైవులోనూ, వీలైతే ఫోనులోనూ ఒక నకలు పెట్టుకోండి.

పంచుకోకూడనివి కూడా ఉన్నాయి. ప్రాజెక్టు పనిలో భాగంగా మీలో కొందరు తీరప్రాంతపు ఊళ్ళలో ఇల్లిల్లూ తిరిగి, తుపాను హెచ్చరిక ఎవరి ద్వారా తెలిసింది, రక్షిత భవనానికి ఎంతమంది వెళ్ళారు, ఇంట్లో ముసలివారు, వికలాంగులు ఎవరైనా ఉన్నారా అని ప్రశ్నలు అడుగుతారు. ఆ పట్టికలో పేర్లు, ఫోను నంబర్లు, ఇంటి నంబర్లు ఉంటాయి. పునరుత్పాదకత పేరుతో దాన్ని నోట్‌బుక్‌తో పాటు బహిరంగంగా పెట్టేస్తే, ఏ ఇంట్లో ఒంటరి ముసలమ్మ ఉందో లోకానికి చాటినట్టు. మీరు తుడిచేశామనుకున్నా, గడి కింద ఫలితంలో ఆ పట్టిక మొదటి ఐదు వరుసలు అలాగే ఉండిపోతాయి. ఎందుకంటే నోట్‌బుక్ ఫైలు కోడ్‌తో పాటు ఫలితాలనూ దాచుకుంటుంది. ఈ పొరపాటు అనుభవజ్ఞులు కూడా చేస్తారు. అటువంటి సందర్భంలో పేర్లు తీసేసి, ఇళ్ళను ఊరి స్థాయిలో కలిపిన పట్టికను ఇవ్వండి. మూల పట్టిక మీ దగ్గరే ఉంచి, పరీక్షకులు అడిగితే చూపండి. "అంతా తెరిచి పెట్టండి" అనే నినాదం గురుత్వ తరంగాలకు సరిపోతుంది. గురుత్వ తరంగానికి ఫోను నంబరు లేదు.

భాష సంగతి కూడా ఒక్క మాట. నోట్‌బుక్‌లోని వ్యాఖ్యాన గడుల్లో తెలుగు రాయడానికి ఏ అడ్డంకీ లేదు. మన విద్యార్థుల నోట్‌బుక్‌ల్లో మాత్రం అక్కడ విరిగిన ఇంగ్లీషు ముక్కలో, లేదా అసలు ఏమీ లేకపోవడమో చూస్తున్నాను. ఖాళీ గడులను ఎందుకు విడిచిపెట్టారో, ఏ జిల్లా సరిహద్దు తీసుకున్నారో మీకు బాగా వచ్చిన భాషలో నాలుగు వాక్యాలు రాస్తే, దాన్ని తప్పు పట్టగల మనిషి కృత్తివెన్నులోనో ఘంటసాలలోనో ఉండే అవకాశం పెరుగుతుంది. నా నోట్‌బుక్ వ్యాఖ్యానం తెలుగులో ఉండబట్టే ఆ రోజు తరగతిలో ఆ పట్టికను శ్రద్ధగా చూసినవారున్నారు.

అభ్యాసం

మీ సహాధ్యాయి ఒకరి నోట్‌బుక్ తీసుకొని, వారిని ఏమీ అడగకుండా, మీ యంత్రం మీద పై నుంచి కిందికి నడిపించండి. ఏ గడి దగ్గర ఆగిపోయిందో, ఏ అంకె మారిందో రాసుకోండి. తరవాత ఆ నోట్‌బుక్‌లోని ఒక ఫలితాన్ని ఆ విషయం తెలిసిన, కంప్యూటరు తెలియని ఒకరికి తెలుగులో చదివి వినిపించండి. రైతు కావచ్చు, వేటకు వెళ్ళే మత్స్యకారుడు కావచ్చు, 1977ను చూసిన పెద్దావిడ కావచ్చు. వారు వేసిన మొదటి ప్రశ్నను, దానికి నోట్‌బుక్‌లో జవాబు ఉందా లేదా అన్నదాన్ని రెండు పుటలకు మించకుండా రాసి పంపండి.